ఎవ్వరినీ ఇంటికి పంపని ఫోర్‌మన్

మస్కట్‌లో పూలు పూసేది చలికాలంలోనే. అక్టోబర్ చివర్లో నాటిన పెటూనియాలు మార్చి దాకా రోడ్ల మధ్యా రౌండబౌట్ల చుట్టూ ఉంటాయి. మే రాగానే వాటిని పీకి లారీల్లో వేసి పారేస్తారు. ఆ తర్వాత నాలుగు నెలలు కొత్తగా ఏదీ నాటరు, ఉన్నవాటికి నీళ్ళు పెట్టడమే పని. చలికాలంలో పద్నాలుగు మంది చేసే తోటపనికి ఎండాకాలంలో ఆరుగురు చాలు. మిగిలిన ఎనిమిది మందిని ఏం చేయాలన్నది తోటపని కంపెనీలన్నిటికీ ఏటా వచ్చే ప్రశ్న. చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. సెలవు మీద ఇంటికి పంపుతారు. అది జీతం లేని సెలవు. పిలిచినప్పుడు రావాలి. ఆరు నెలల్లో పిలవకపోతే బతాకా, అంటే ఒమాన్‌లో ఉండనిచ్చే కార్డు, చెల్లకుండా పోతుంది.

ఆ సెలవు ఎలా ఉంటుందో భీమన్న మొదటి ఏడాదే చూశాడు.

అతనిది నిర్మల్ జిల్లాలో ఖానాపూర్ దగ్గరి పల్లె. ముప్పై మూడేళ్ళ వయసులో, రెండువేల ఏడులో మస్కట్ వచ్చాడు. మరుసటి మే నెలలో కంపెనీ అతన్నీ ఇంకో ఎనిమిది మందినీ మూడు నెలల సెలవు మీద పంపింది. మళ్ళీ వచ్చేవాళ్ళమే కదా అని తొమ్మిది మందీ తమ ఇనపపెట్టెలు రూమ్‌లో మంచాల కింద వదిలేసి వెళ్ళారు. సెప్టెంబర్‌లో ముగ్గురికే పిలుపు వచ్చింది. ఆ ముగ్గురిలో భీమన్న ఒకడు. అతను రూమ్‌కి తిరిగొచ్చేసరికి ఆరు పెట్టెలు మంచాల కింద అలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చే వాళ్ళకు చోటు కావాలని క్యాంప్ బాస్ వాటిని బయట పెట్టమన్నాడు. బయట పెట్టింది భీమన్నే. వారం తర్వాత పక్క మంచం మనిషి ఊరి నుంచి ఫోన్ చేసి, "నా పెట్టె భద్రంగ ఉన్నదా?" అని అడిగాడు. ఉందని చెప్పాడు భీమన్న. అప్పటికి అందులోని బట్టలు ఎవరో వేసుకు తిరుగుతున్నారు.

తర్వాత అతను వేరే కంపెనీకి మారాడు. అక్కడ మేనేజర్ శ్రీరామచంద్రమూర్తి. కాకినాడ వైపు మనిషి, వ్యవసాయం చదువుకున్నవాడు, మస్కట్‌లోని వాడీ కబీర్ పేటలో కుటుంబంతో ఉండేవాడు. అందరూ మూర్తిగారనో మూర్తిసారనో పిలిచేవారు. మొక్క ఆకు చూసి నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో భీమన్న చెప్పే తీరు ఆయనకు నచ్చింది. రెండువేల పదమూడులో అతన్ని ఫోర్‌మన్‌ని చేసి పద్నాలుగు మంది బ్యాచ్ అప్పగించాడు. మొదటి మే నెలలోనే ఎనిమిది పేర్లు రాసివ్వమన్నాడు.

"పేర్లు రాయను సార్," అన్నాడు భీమన్న. "పని చూపిస్త."

ఆ ఎండాకాలం అతను చూపించిన పని పైపులు మార్చడం. మొక్కల మొదళ్ళకు నీళ్ళు చేరవేసే సన్న పైపులు ఉప్పు పట్టి పూడుకుపోయి ఉన్నాయి. చలికాలంలో వాటిని ముట్టుకునే తీరిక ఉండదు. ఎనిమిది మందినీ ఆ పనికి పెట్టాడు. మరుసటి ఏడాది మస్కట్ అవతల బర్కాలో నీడవల కట్టి, చలికాలానికి కావలసిన నారు ఆగస్టు నుంచే పోయడం మొదలుపెట్టించాడు. అంతకుముందు కంపెనీ నారు బయట కొనేది. ఆ తర్వాతి ఏడు ఒక హోటల్ వాళ్ళ ఖర్జూరచెట్ల ఎండుమట్టలు కొట్టే పని పట్టాడు. ఒక ఏడు ఇసుక తుఫాను పూడ్చేసిన కాలువలు తీశారు. కరోనా ఏడాది కూడా క్యాంప్ వెనక ఖాళీ జాగాలో సిమెంటు కుండీలు పోయించి కాలం గడిపాడు. పదకొండు ఎండాకాలాలు గడిచాయి. భీమన్న బ్యాచ్ నుంచి ఒక్క మనిషి ఇంటికి పోలేదు.

ఈ సంగతి మస్కట్‌లో మనవాళ్ళు ఎక్కువగా చేరే రూవీ పేటలో అందరికీ తెలుసు. శుక్రవారం పొద్దున చాయ్ దుకాణం ముందు భీమన్న కూర్చుంటే వేరే కంపెనీల మనుషులు వచ్చి పక్కన నిలబడేవారు. "అన్నా, నీ బ్యాచ్ల జాగుంటె చెప్పరాదే," అనేవారు. భీమన్న చూద్దామనేవాడు. నోటి దురుసు మనిషే. పైపు సరిగా బిగించకపోతే తల్లినీ తండ్రినీ ఎత్తి తిట్టేవాడు. అయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. అడిగేవాళ్ళు చుట్టూ నిలబడితే అతనికి సంతోషంగా ఉండేది. ఆ సంగతి భార్య శాంతవ్వకు ఫోన్‌లో చెప్పుకునేవాడు కూడా.

అలా అడిగి వచ్చినవాడే భూమేశ్. జగిత్యాల జిల్లా మనిషి, వచ్చేనాటికి ముప్పై ఒక్కటో ముప్పై రెండో. పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ. అంతకుముందు మస్కట్‌కు దూరంగా ఉన్న సోహార్‌లో ఇంకో కంపెనీలో చేశాడు. వాళ్ళు మే నెలలో సెలవు మీద పంపి మళ్ళీ పిలవలేదు. పదకొండు నెలలు ఊళ్ళో ఉండి, కొత్త వీసా మీద తిరిగొచ్చాడు.

"ఎట్లున్నది ఇంటికాడ?" అని భీమన్న అడిగాడు, బ్యాచ్‌లో చేర్చుకున్న రోజు.

భూమేశ్ చెప్పాడు. "పొద్దుగాల లేస్తె ఎటు పోవాల్నో తెల్వది కాకా. హోటల్ కాడ కూసుంటె 'ఎప్పుడు పోతవ్ భూమేశ్' అని అడుగుతరు. చెప్పలేక పొలాల పొంటి తిరిగెటోన్ని. స్కూల్ల నా బిడ్డను 'మీ నాయిన ఏం జేస్తడు' అంటె 'మస్కట్ల ఉంటడు' అని చెప్పిందట. నేను ఇంట్లనే ఉన్న అప్పుడు."

భీమన్న అతని పేరు హాజరు పుస్తకంలో రాసుకున్నాడు.

"నన్నైతె ఎండకాలం ఇంటికి తోలకు కాకా," అన్నాడు భూమేశ్. "ఏ పనైనా జేస్త."

అది రెండువేల ఇరవై ఒకటి. ఆ ఎండాకాలం హోటళ్ళ కాంట్రాక్టులు తగ్గాయి. పైపులు కొత్తవే, నారుకు ముగ్గురు చాలు. భీమన్న దగ్గర చూపించడానికి పని లేదు. అదే సమయంలో మూర్తిగారికి సోహార్‌లో ఒక ఫ్యాక్టరీ గోడ చుట్టూ చెట్లు పెంచే పని దొరికింది. మూడేళ్ళలో మూడు వేల చెట్లు నాటాలి. వేప, గాఫ్. ఒమానీలు గాఫ్ అనేది మన జమ్మిచెట్టే. నాటేది చలికాలంలో.

భీమన్న ఆఫీసుకు వెళ్ళాడు. "గుంతలెప్పుడు తవ్వుతరు సార్?"

"అక్టోబర్‌లో. జేసీబీ పెడదాం."

"గోడ పొంటి కరెంటు కేబుళ్ళున్నయ్. జేసీబీ రానియ్యరు, చేతితోనే తవ్వాలె. అక్టోబర్ల తవ్వుకుంట కూసుంటె నాటుడు జనవరికి పోతది. ఇప్పుడు తవ్విపెడితె, అప్పుడు మొక్క దెచ్చి పెట్టుడే."

మూర్తిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "జూన్‌లో సోహార్‌లో గడ్డపార పడతారా మీవాళ్ళు? ఇనుం ముట్టుకుంటేనే చెయ్యి కాలుద్దయ్యా."

"పొద్దుగాల ఐదింటికి దిగుతం. మధ్యాహ్నం ఎట్లా సర్కారు బందే గద. మళ్ళ మూడున్నరకు."

"ఇంటికెళ్ళి రెండు నెల్లు రెస్టు తీసుకోవడం కూడా మంచిదే భీమన్నా. అందరూ నీలా ఆలోచించరు."

"ఇంటికి పోయినోడు రెస్టు తీసుకోడు సార్. ఫోన్ చూసుకుంట కూసుంటడు."

మూర్తిగారు ఒప్పుకున్నాడు. భీమన్నతో పాటు ఎనిమిది మంది సోహార్ వెళ్ళారు. పార్సిల్ డబ్బాల్లాంటి రెండు రేకు గదుల్లో ఉన్నారు. వాళ్ళను రోజూ సైట్‌కి తీసుకెళ్ళి తెచ్చేవాడు బిలాల్ అనే పాకిస్తానీ డ్రైవర్.

అక్కడి నేల పైన జానెడు ఇసుక, దాని కింద గులకరాయీ ఉప్పూ కలిసి గట్టిపడిన పొర. గడ్డపార దిగదు, ఎగిరి మోచేతుల్లోకి దెబ్బ కొడుతుంది. గుంత మూడడుగుల లోతు ఉండాలి. సముద్రం దగ్గర కాబట్టి పొద్దున ఐదింటికే గాలిలో తడి. చెమట ఆరదు. ఏడింటికి చొక్కా పిండితే నీళ్ళు కారేవి. పన్నెండున్నరకు పని ఆపితే, మూడు గంటలు ఏసీ ఉన్న ఒక్క రేకు గదిలో అందరూ పడుకునేవారు. మళ్ళీ దిగితే ఆరు దాకా.

నీళ్ళ క్యాను ఉండేది. కానీ మరుగుదొడ్డి ఫ్యాక్టరీ గేటు దగ్గర, అర కిలోమీటరు దూరంలో. పోయి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందని మనుషులు నీళ్ళు తక్కువ తాగేవారు. దాహానికి బిలాల్ తెచ్చే చల్లటి డబ్బా డ్రింకులు తాగేవారు. నడుము నొప్పికి ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు వేసుకునేవారు. భీమన్న కూడా వేసుకునేవాడు. వద్దని చెప్పినవాళ్ళు లేరు, అది తప్పని అనుకున్నవాళ్ళూ లేరు.

భూమేశ్ అందరికంటే ఎక్కువ తవ్వేవాడు. మిగతావాళ్ళు రోజుకు నాలుగు తవ్వితే అతను ఆరు. "గిట్ల తవ్వితె మమ్ముల ఇంటికి తోలుతరు," అని అంకయ్య నవ్వేవాడు. అంకయ్య బ్యాచ్‌లో భీమన్న తర్వాత పెద్దవాడు. ఆ ఎండాకాలం గడిచింది. ఎవరూ పడిపోలేదు. అక్టోబర్‌లో మొక్కలు వచ్చాయి, అనుకున్న రోజుకి నాటడం అయిపోయింది. మూర్తిగారు సైట్ చూసి, "గట్టివాడివయ్యా," అని భీమన్న భుజం తట్టాడు. తర్వాతి ఎండాకాలమూ అంతే. దాని తర్వాతిదీ అంతే కావలసింది.

రెండువేల ఇరవై మూడు ఆగస్టులో ఒక పొద్దున భీమన్న భూమేశ్ బూట్లు చూశాడు. సేఫ్టీ బూట్లు, కంపెనీ ఇచ్చినవి, రెండు నెలలు కూడా కాలేదు. రెండు పక్కలా బ్లేడుతో కోసి ఉన్నాయి.

"ఎవడు గోసిండురా బూట్లు?"

"నేనే కాకా. ఇరుకైతున్నయ్."

"ఇరుకైతె చెప్పాలె గాని కోస్తరా? సేఫ్టీవాడు జూస్తె మనందరిని బయటికి నూకుతడు. అక్కల్ లేదా నీకు?"

భూమేశ్ తల వంచుకుని గుంతలోకి దిగాడు. భీమన్న ఇంకో జత తెప్పించాడు, ఒక సైజు పెద్దవి. పది రోజులకు అవీ కోసి ఉన్నాయి. ఈసారి తిట్టలేదు, బూటు విప్పమన్నాడు. భూమేశ్ విప్పనన్నాడు. భీమన్న వంగి తనే లాగాడు. పాదం రొట్టెలా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే పడిన గుంట నిండలేదు.

"ఎన్ని దినాలాయె?"

"రంజాన్ నుంచి."

అంటే ఐదు నెలలు. అన్నం సయించడం లేదనీ, ఒళ్ళంతా దురద పుడుతోందనీ, తిన్నది కక్కుకుంటున్నాడనీ గదిలోవాళ్ళు అప్పుడు చెప్పారు. తమతో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు భీమన్న.

"చెప్తె ఇంటికి తోలుతవని."

బిలాల్ బండిలో అదే రోజు రూవీ తీసుకెళ్ళారు. రెండు వందల కిలోమీటర్ల దారి పొడుగునా భూమేశ్ కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. క్లినిక్‌లో రక్తం తీసుకున్నారు. మరునాడు డాక్టర్ భీమన్నను మాత్రమే లోపలికి పిలిచాడు. డాక్టర్ ఉత్తరాది మనిషి, హిందీలో మాట్లాడాడు. రెండు కిడ్నీలూ దాదాపు పనిచేయడం లేదన్నాడు. ఎన్నేళ్ళుగా ఎండలో పనిచేస్తున్నాడని అడిగాడు. ఎండాకాలంలో సెలవుకి ఇంటికి వెళ్తాడా అని అడిగాడు.

"లేదు సార్," అన్నాడు భీమన్న. పదకొండేళ్ళుగా చెప్పిన మాట కాబట్టి ఆలోచించకుండానే వచ్చేసింది. "నా బ్యాచ్ల ఎవ్వరినీ పంపను. ఎండకాలం సుత పని ఇప్పిస్త."

డాక్టర్ కాగితం మీద రాస్తున్నవాడు ఆగి తలెత్తి చూశాడు. భీమన్నే మళ్ళీ అడిగాడు, ఇంటికి పోయి ఉంటే ఇది వచ్చేది కాదా అని. అది గట్టిగా చెప్పలేనన్నాడు డాక్టర్. మందుబిళ్ళలూ కారణమే కావచ్చు, పుట్టుకతో ఏదైనా ఉండి ఉండవచ్చు. కానీ మూడు ఎండాకాలాలు వరసగా చెమటోడ్చి నీళ్ళు తాగని శరీరానికి మధ్యలో ఒక్కసారైనా విరామం దొరికి ఉంటే కొంత కోలుకునేదేమో అన్నాడు. ఆ తర్వాత ఇంకో కాగితం తీసుకుని, ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలో రాసిచ్చాడు.

పదిహేను రోజుల తర్వాత భూమేశ్‌ను చక్రాల కుర్చీలో విమానం ఎక్కించారు. భీమన్న గేటు దాకా వెళ్ళాడు. "మంచిగై రా," అన్నాడు. భూమేశ్ నవ్వడానికి ప్రయత్నించాడు. "జాగ ఉంచుతవా కాకా?" అని అడిగాడు. ఉంచుతానన్నాడు భీమన్న. ఉంచినా లాభం లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ డిసెంబర్‌లో భీమన్న సెలవు పెట్టి ఊరికి వెళ్ళాడు. మూడో రోజే శాంతవ్వను తీసుకుని భూమేశ్ ఇంటికి వెళ్ళాడు. జగిత్యాలలో వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయిస్తున్నారు. ఆ రోజు చేయించుకుని వచ్చినట్టున్నాడు, లోపల పడుకున్నాడు. భార్య వాణి చాయ్ ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. సన్నగా, పాతికేళ్ళ పైబడిన మనిషి. బీడీలు చుట్టీ చుట్టీ వేలి కొసలు నల్లబడి ఉన్నాయి.

"ప్రతి ఎండకాలం రమ్మని ఏడ్సెదాన్ని మామా," అంది. కోపంగా అనలేదు. "బిడ్డకు సెలవులుంటయ్, రెండు నెలలన్న వచ్చి ఉండుమని. 'భీమన్న కాక పని చూపిచ్చిండు, నేను జెయ్యనంటె కాక మాట పోతది' అనెటోడు. మీ పేరు చెప్తె నేనింక మాట్లాడకపోదును."

శాంతవ్వ భీమన్న వైపు చూసింది. భీమన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో శాంతవ్వ అంది, "నువ్వు గుడ మంచికే జేసినవ్." ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

మే వచ్చింది. సోహార్ గుంతల పని ఇంకా ఉంది. ఫ్యాక్టరీవాళ్ళు ఇంకో వెయ్యి చెట్లు అడిగారు. మూర్తిగారు ఈసారి పేర్లు అడగనే లేదు. భీమన్నే వెళ్ళాడు.

"సార్, ఈ యేడు పేర్లు రాసిస్త. నలుగురు. రెండు నెలలు ఇంటికాడ ఉండొస్తరు. మళ్ళ యేడు ఇంకో నలుగురు. ఎవ్వడు వరసగ రెండు ఎండకాలాలు గుంత తవ్వద్దు."

మూర్తిగారు కాగితాల మీంచి తలెత్తాడు. "పని ఉండగా ఎందుకయ్యా?"

"భూమేశ్‌ను చూసొచ్చిన సార్."

"సరే. నేను కాదనను."

"ఒక్క కాగితం రాసియ్యాలె. పోయినోళ్ళను మళ్ళ పిలుస్తమని."

"అదే నా చేతుల్లో లేదు భీమన్నా. కంపెనీ ఓనరు, మన అర్బాబ్, ఒప్పుకోడు. నోటిమాట ఇస్తాను, అంతవరకే."

భీమన్నకు నోటిమాటల సంగతి తెలుసు. అయినా తలూపి వచ్చాడు. గదిలో పేర్లు చదివాడు. మొదటి పేరు అంకయ్యది. వరసగా మూడేళ్ళు తవ్వినవాడు, వయసు యాభైకి దగ్గర.

"నేనేం తప్పు జేసిన అన్నా?" అన్నాడు అంకయ్య.

"తప్పు జేసినవని కాదు. రెస్టు."

"రెస్టు ఎవడడిగిండు నిన్ను? పని లేని యేడు పని పుట్టిచ్చినవ్. ఇయ్యాల పనుండంగ ఇంటికి పొమ్మంటవ్. భూమేశ్‌కు గట్లయితె మాకేంది? వాడు నీళ్ళు తాగలే. మేం తాగుతం."

"వాడు గుడ గట్లనే అనుకున్నడు."

అంకయ్య లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వెళ్ళేదాకా భీమన్న వండిన కూర ముట్టలేదు. మిగతా ముగ్గురు మూర్తిగారి దగ్గరికి వెళ్ళి, ఫోర్‌మన్ తమ మీద పగబట్టాడని ఫిర్యాదు చేశారు. రూవీ చాయ్ దుకాణం ముందు ఇప్పుడు భీమన్న పక్కన నిలబడేవాళ్ళు తగ్గారు. జూన్ మొదట్లో నలుగురూ వెళ్ళారు. ఎవరూ పెట్టెలు వదిలి వెళ్ళలేదు. అన్నీ సర్దుకునే వెళ్ళారు.

మిగిలినవాళ్ళతో సోహార్‌లో భీమన్న గంటకోసారి పని ఆపించాడు. నీళ్ళు తాగేదాకా ఎదురుగా నిలబడేవాడు. గేటు సెక్యూరిటీ వాళ్ళను బతిమాలి గోడ పక్కనే తాత్కాలిక మరుగుదొడ్డి పెట్టించాడు. నొప్పి మాత్రలు కనిపిస్తే తీసి పారేసేవాడు. గుంతలు తక్కువ పడ్డాయి. మూర్తిగారు రెండుసార్లు ఫోన్ చేసి అడిగాడు, మూడోసారి చేయలేదు.

ఆగస్టులో మస్కట్‌లోని పెద్ద హోటల్ తోట కాంట్రాక్టు ఇంకో కంపెనీకి పోయింది. చలికాలానికి పద్నాలుగు మంది అక్కర్లేదు, పన్నెండు మంది చాలన్నారు. పంపిన నలుగురిలో ఇద్దరిని పిలిచారు. అంకయ్య పిలుపు రాని ఇద్దరిలో ఉన్నాడు.

ఆఫీసువాళ్ళు మెసేజ్ పంపిస్తామన్నారు. వద్దని, భీమన్న తనే ఫోన్ చేశాడు. మొదటివాడు విని, సరేనని పెట్టేశాడు. అంకయ్య పెట్టేయలేదు.

"ఇట్లయితదని ఎరుక లేదా నీకు?"

"ఎరికే."

"ఎరికుండి నా పేరు రాసినవ్."

"రాసిన."

అవతల టీవీ మోగుతోంది. "నీకు పాపం తగుల్తదని ఎవడో ఒకన్ని తోలాలె గద," అన్నాడు అంకయ్య. "నన్ను తోలినవ్." అంకయ్య చెప్పిన దాంట్లో ఎంత నిజముందో అతను చాలా రోజులు ఆలోచించాడు. తేల్చుకోలేకపోయాడు.

మరుసటి మే నెలలో మళ్ళీ నాలుగు పేర్లు రాయవలసి వచ్చింది. ఈసారి మొదటి పేరు తనది రాశాడు. ఫోర్‌మన్ వెళ్ళడమేమిటని మూర్తిగారు కోప్పడ్డాడు. "నువ్వెళ్తే నీ జాగాలో ఇంకొకణ్ణి పెట్టాలి. తిరిగొచ్చేసరికి అతనే ఉంటాడు. ఆలోచించుకో."

"వరసగ నాలుగు ఎండకాలాలు తవ్విచ్చిన సార్. నా వంతు గుడ రావాలె గద."

భీమన్న వెళ్ళాడు. వెళ్ళేముందు కొత్త ఫోర్‌మన్‌కు పైపుల వాల్వులు ఎక్కడెక్కడున్నాయో, ఏ చెట్టుకు ఎన్ని నీళ్ళో, గంటకోసారి ఎందుకు ఆపాలో అన్నీ చూపించాడు. కొత్త ఫోర్‌మన్ మొదటి రెండూ రాసుకున్నాడు.

సెప్టెంబర్‌లో మూర్తిగారు తనే ఫోన్ చేశాడు. అర్బాబ్ ఒప్పుకోలేదనీ, వయసు యాభై దాటిన వాళ్ళ కార్డులు ఇక రెన్యూ చేయమంటున్నాడనీ చెప్పాడు. ఆయన గొంతులో నిజమైన బాధే ఉంది. ఆ ఎండాకాలం మిగతా ముగ్గురు ఇంటికి వెళ్ళలేదని కూడా చెప్పాడు. కొత్త ఫోర్‌మన్‌ను బతిమాలుకుని సోహార్‌లోనే ఉండిపోయారట. గుంతలు బాగా పడ్డాయట.

ఇప్పుడు భీమన్న సోమవారం, గురువారం పొద్దున్నే మోటార్‌సైకిల్ మీద భూమేశ్ ఊరికి వెళ్తాడు. వాణి ఆ రెండు రోజులూ బీడీల కార్ఖానాకు పోగలుగుతోంది. భూమేశ్‌ను వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తువ్వాలతో తన నడుముకు కట్టుకుని, జగిత్యాల తీసుకెళ్తాడు. లోపల నాలుగు గంటలు పడుతుంది. బయట రేకుల షెడ్డు కింద మిగతా రోగుల మనుషులు ఉంటారు. వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో దుబాయో మస్కటో ఉంది. మొన్న ఒకామె అడిగింది, లోపలున్నది నీ కొడుకా అని.

"కాదు," అన్నాడు భీమన్న. "నా బ్యాచ్ మనిషి."

ఆమెకు అర్థం కాలేదు, అయినా తలూపింది. పన్నెండు దాటాక నర్సు పేరు పిలిచింది. భీమన్న తువ్వాల భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాడు.